ఏం నొక్కావ్?

సాఫ్ట్‌వేరుకి ముహూర్తం పెట్టించారంటే నవ్వకండి. నిజంగానే పెట్టించారు. రావులపాలెం దగ్గర హైవే పక్కన ఒక లారీ కాటా ఉండేది. దాని యజమాని పంతులుగారి చేత పంచాంగం చూపించి, వర్జ్యం వెళ్ళాక, రాహుకాలం రాకముందు మా ప్రోగ్రాము కంప్యూటరులో అడుగుపెట్టాలని నిర్ణయించారు. ముహూర్తం మీద నాకేం కోపం లేదు. మా పొలంలో కొత్త మోటారు బిగించినా కొబ్బరికాయ కొట్టకుండా స్విచ్చి వేసేవాళ్ళం కాదు. నా కోపమంతా ఆ ముహూర్తం వంకతో జరిగినదాని మీద. ఇన్నేళ్ళు గడిచినా తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో మాట ఇది. డిగ్రీ కంప్యూటర్స్ పూర్తిచేసి రాజమండ్రిలో ఒక చిన్న సాఫ్ట్‌వేరు ఆఫీసులో చేరాను. మందులషాపు మేడమీద రెండు గదులు, అంతే ఆఫీసు. రైస్‌మిల్లులకీ, ఎరువుల కొట్లకీ, ఐసు ఫ్యాక్టరీలకీ ప్రోగ్రాములు రాసిచ్చేవాళ్ళం. మా సారు మంచి మాటకారి. ప్రోగ్రాము సగం కూడా కాకుండానే పూర్తయిందని చెప్పి, అవతలివాళ్ళ చేత కాఫీ తెప్పించుకుని తాగి రాగల మనిషి.

కాటా అంటే లారీ మొత్తం ఎక్కి నిలబడే పెద్ద ఇనుప పలక. లారీ ఎక్కగానే బరువు పక్కగదిలోని కంప్యూటరులో పడుతుంది. ఆపరేటరు ఒక మీట నొక్కితే చీటీ వస్తుంది. ఆ చీటీ ఉంటేనే మిల్లువాళ్ళు ధాన్యం దించుకుంటారు. చేత్తో రాసిస్తే ఒప్పుకోరు. ఆ చీటీ ప్రోగ్రాము కాటా తయారుచేసినవాళ్ళది. దాని పక్కన, ఏ లారీ ఎప్పుడొచ్చింది, ఏ సరుకు, ఎవరిది అనే వివరాలు దాచిపెట్టే ప్రోగ్రాము మాది.

అక్కడ ఆపరేటరు ఒకావిడ. నాకంటే అయిదారేళ్ళు పెద్ద, అక్కా అని పిలిచేదాన్ని. అంతర్వేది వైపు సముద్రపొడ్డున వాళ్ళ ఊరు. భర్త వేటకెళ్ళేవాడు. అత్తగారు చేపల గంప నెత్తిన పెట్టుకుని ఊళ్ళు తిరిగేది. ఈవిడ ఇంటరు పాసై, అమలాపురంలో కంప్యూటరు కోర్సు చేసి, కాటా దగ్గర ఉద్యోగం సంపాదించి, రావులపాలెంలో గది అద్దెకు తీసుకుని పిల్లని బళ్ళో వేసింది. "మా అత్తగారు గంప దించలేదండి ఇప్పటికీ. నేను ఎత్తుకోకూడదనే ఈ కోర్సు చేశానండి" అని మొదటిసారి కలిసినప్పుడే చెప్పింది. వాళ్ళ ఇంట్లో కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగం మొదట వచ్చింది ఆవిడకే. ఆ కుర్చీలో ఉతికిన తువ్వాలు పరుచుకుని కూర్చునేది.

ఆ రోజుల్లో ప్రోగ్రాము ఇన్‌స్టాల్ చెయ్యడమంటే ఏంటో చెప్పాలి. సీడీ పెడితే ఒక నీలం గీత తెరమీద మెల్లగా నిండుతుంది. అది నిండుతున్నంతసేపూ అందరూ సంబరంగా చూస్తారు. లోపల జరిగేది వేరు. ఆ సెటప్ అనేది తన సామాను తన గదిలో పెట్టుకుని ఊరుకోదు. కంప్యూటరుకి ప్రాణమైన సిస్టమ్ ఫోల్డరులోకి పోయి, అక్కడ అన్ని ప్రోగ్రాములూ కలిసి వాడుకునే ఫైళ్ళని తీసి, తను తెచ్చినవి పెడుతుంది. తను తెచ్చినవి పాతవైనా సరే.

మా దూరపు పిన్ని ఒకావిడ ఉండేది. మా ఇంటికి వచ్చిన గంటలో కొంగు బిగించి వంటింట్లో దూరేది. "ఏంటే ఇది, ఇలాగేనా సర్దుకోవడం" అంటూ డబ్బాలన్నీ దించి, ఆవిడకి నచ్చినట్టు మళ్ళీ పెట్టేది. పాపం, సాయం చేస్తున్నాననే అనుకునేది. ఆవిడ బస్సెక్కాక మా అమ్మకి ఉప్పు దొరికేది కాదు, పోపు మాడిపోయేది. మా నాన్న కంచం ముందు కూర్చుని "ఏంటే ఇవాళ కూర ఇలా తగలడింది" అని అమ్మనే తిట్టేవాడు. పిన్నిని ఒక్క మాట అనేవాడు కాదు. సెటప్ సీడీ చేసేదీ అచ్చం ఇదే పని, తిట్లు పడేదీ అచ్చం అలాగే.

మొదటిసారి కాటా దగ్గర అదే జరిగింది. దాళ్వా, అంటే రెండో పంట కోతల టైము. మా ఆఫీసు నుంచి ఒకతను పోయి మా ప్రోగ్రాము ఎక్కించి వచ్చాడు. మర్నాడు పొద్దున్నే చీటీ రావడం ఆగిపోయింది. ధాన్యం లారీలు హైవే మీదిదాకా నిలబడిపోయాయి. డ్రైవర్లు ఒకటే హారన్లు. మా సారూ నేనూ బస్సు దిగి వెళ్ళేసరికి యజమాని అక్క కుర్చీ వెనక నిలబడి ఆవిణ్ణి నిలదీస్తున్నారు.

"ఏం నొక్కావ్? నిజం చెప్పు, ఏం నొక్కావ్?"

"నేనేం నొక్కలేదండి. ఒట్టండి బాబూ. రోజూ నొక్కేదే నొక్కానండి."

"నొక్కకుండానే పోతుందేంటి? నిన్నటిదాకా బాగానే ఉంది కదా!"

నేను చూడగానే నాకు అర్థమైంది. చీటీ ప్రోగ్రాము వాడుకునే ఫైలు ఒకటి మా సెటప్ మార్చేసింది. "ఆవిడ తప్పేం లేదండి, మా సెటప్ వల్లే" అని నేను అంటూ ఉండగానే మా సారు నా మాట మీద మాట వేసి, "వైరస్ అండి. ఫ్లాపీల్లో పాటలూ గేములూ తెచ్చి పెడుతుంటారు కదండి స్టాఫు" అనేశారు. నేను మళ్ళీ నోరు తెరిచాను. "మా అమ్మాయి కొత్తండి, తెలీదు" అని నవ్వేశారు. యజమానికి ఆ వైరస్ అనే మాట భలే నచ్చింది. ఆవిడ వైపు తిరిగి, "ఇంకొక్కసారి ఇలా అయిందంటే నువ్వు మీ ఊరెళ్ళిపోవచ్చు, మళ్ళీ ఇటు రానక్కర్లేదు" అన్నారు. పాటల ఫ్లాపీ అట! ఆ గదిలో ఫ్యానుకే దిక్కులేదు, స్పీకర్లు ఎక్కడివి? అది కూడా ఆలోచించలేదు ఎవరూ.

కాటావాళ్ళ సీడీ నుంచి పాత ఫైలు తిరిగి పెట్టి, మా ప్రోగ్రాము తీసేసి బయల్దేరాం. ఆ సాయంత్రం గౌతమి వంతెన మీద బస్సు పోతుంటే మా సారు పక్క సీట్లో హాయిగా నిద్రపోయారు. నేను మాత్రం ఇక తాడో పేడో తేల్చాలనుకున్నాను. మా ప్రోగ్రాము ఎవరి కంప్యూటరులోకి వెళ్ళినా ఒక్క ఫోల్డరులో ఉండాలి. తనకి కావలసిన ప్రతి వస్తువూ తన సంచీలోనే తెచ్చుకోవాలి. సిస్టమ్ ఫోల్డరు గడప తొక్కకూడదు. తీసేస్తే అది ఎప్పుడూ రానట్టే ఉండాలి. అప్పుడిక ఎవరూ అక్కని ఏం నొక్కావని అడగరు.

చెప్పినంత సులువు కాలేదు. ప్రోగ్రాములు రాయడానికి మేం వాడే భాషకి వెనక బోలెడన్ని ఫైళ్ళ పరివారం కావాలి, అదంతా సిస్టమ్ ఫోల్డరులోనే కాపురం పెడుతుంది. దాన్ని వదిలేసి, మొత్తం ఒకే ఫైలుగా తయారయ్యే భాషలో ప్రోగ్రామంతా మళ్ళీ రాశాను. ఆఫీసు మెషీను నలుగురం వాడుకునేది కాబట్టి, తయారీకి కావలసిన పనిముట్లు కూడా నా ఫోల్డరులోనే పెట్టుకున్నాను, పక్కవాళ్ళ పనికి అడ్డం రాకుండా. అక్కడ చక్కగా నడిచింది. ఇంకో మెషీనులో పెడితే నడవలేదు. ఎందుకంటే మేం నలుగురం వాడే మెషీనులో ఏళ్ళ తరబడి పోగుపడిన ఫైళ్ళలో ఏదో ఒకదాన్ని నా ప్రోగ్రాము నాకు తెలియకుండా వాడేసుకుంటోంది. మూల పడి ఉన్న పాత కంప్యూటరు ఒకటి తుడిచేసి, ఉత్త సిస్టమ్ తప్ప ఇంకేం లేకుండా చేసి, అందులో పెట్టి చూశాను. ఆగిన ప్రతిచోటా ఏది తక్కువైందో కనిపెట్టి, దాన్ని సంచీలో చేర్చాను. చివరికి అది నడిచింది. ఫోల్డరు తీసేసి చూస్తే ఆ పాత కంప్యూటరు ముందెలా ఉందో అలాగే ఉంది. నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది.

ఇప్పుడు ఇదే పద్ధతికి ఏవేవో పెద్ద పేర్లు పెట్టి, కోటు వేసుకుని మైకు ముందు చెబుతుంటే జనం చప్పట్లు కొడుతున్నారు. మా మందులషాపు మేడమీద మాత్రం దీన్ని "అమ్మాయి చాదస్తం" అన్నారు.

సరే, ఈసారైనా కలిసిరావాలని యజమాని పెట్టించిన ఆ ముహూర్తం రోజు వచ్చింది. కంప్యూటరుకి పసుపు రాసి బొట్టు పెట్టారు. మానిటరుకి బంతిపూల దండ. పంతులుగారు పీట వేసుకుని కూర్చున్నారు. ఆత్రేయపురం నుంచి పూతరేకుల పెట్టె తెప్పించారు. యజమాని బావమరిది, చుట్టుపక్కల మిల్లుల వాళ్ళు, అందరూ గదిలో కిక్కిరిసి నిలబడ్డారు. అక్క కొత్త చీర కట్టుకుని తలుపు దగ్గర నిలబడింది. "కానివ్వండమ్మా" అన్నారు పంతులుగారు. నేను సీడీ పెట్టి, ఫోల్డరు లాగి కంప్యూటరులో వేశాను. తెరిచాను. ప్రోగ్రాము నడిచింది.

 పంతులుగారు మంత్రం మొదటి ముక్క దగ్గరే ఉన్నారు.

"అంతేనా?" అన్నారు యజమాని.

"అంతేనండి. అయిపోయింది."

"అయిపోవడమేంటండి! గీత నిండలేదు కదా. నీలంగా నిండుతుంది కదా, ఆ గీతేదీ?"

"దీనికి ఆ గీత అక్కర్లేదండి. ఇది మీ సిస్టమ్‌లో దేన్నీ ముట్టుకోదు."

"ముట్టుకోనిదానికి ముహూర్తం ఎందుకండీ?" అన్నారాయన. ఆయన బావమరిది అందుకుని, "మా మిల్లులో అయితే పొద్దున్న మొదలెట్టి భోజనాల వేళదాకా పట్టిందండి బావగారూ, సీడీలు మార్చి మార్చి పెట్టారు" అన్నాడు. అందరూ నన్ను అదోలా చూశారు, పెళ్ళివారికి విస్తట్లో ఉత్త అన్నం వడ్డించినట్టు. మా సారు వెంటనే అందుకుని, "అది శాంపిలండి. అసలు సెటప్ వచ్చే వారం వస్తుంది, ఇంకో ముహూర్తం చూసుకోండి" అని ఒక పూతరేకు నోట్లో పెట్టుకున్నారు.

ఆఫీసుకి వచ్చాక పెద్ద గొడవపడ్డాను. "గీతే కావాలంటే గీత నింపి చూపిస్తాను సార్, దానికి అడ్డేం లేదు. సిస్టమ్ జోలికి మాత్రం వెళ్ళొద్దు. అక్కడ ఒకావిడ ఉద్యోగం దీని మీద ఆధారపడి ఉంది" అన్నాను. "కస్టమరుకి కంటికి నిండుగా కనపడాలమ్మా. నువ్వింకా చిన్నపిల్లవి" అన్నారు. గోడకి చెప్పుకున్నట్టయింది.

తర్వాతి వారం మా చెల్లి పెళ్ళిచూపులని నేను సెలవు పెట్టాను. తిరిగి ఆఫీసులో కాలు పెట్టేసరికి ఫోను మోగుతోంది. అక్క. ఎస్టీడీ బూతు నుంచి.

"మేడంగారండి, మళ్ళీ పోయిందండి. చీటీ రావట్లేదండి. నేనేం నొక్కలేదండి."

"ఎవరైనా వచ్చారా అక్కా?"

"ఆయ్, నిన్న మీ ఆఫీసువాళ్ళే వచ్చారు కదండీ. ముహూర్తానికి సీడీ పెట్టి, చాలాసేపు గీత నింపి వెళ్ళారండి. అయ్యగారు నన్ను గదిలోకి రావద్దన్నారండి. మీరు ఒక్కసారి వచ్చి చెప్తారాండి?"

ఫోను పెట్టేసి, వాళ్ళు పంపిన సీడీలో ఏముందో తెరిచి చూశాను. మా సారు నేను లేనిది చూసి, నా ప్రోగ్రామునే తీసుకుని, దాని చుట్టూ మామూలు సెటప్ చుట్టి, ఆ పాత పరివారాన్నంతా అందులో కుక్కి పంపించారు. నిండుగా కనపడాలని! నా ప్రోగ్రాముకి ఆ ఫైళ్ళలో ఒక్కటంటే ఒక్కటి కూడా అక్కర్లేదు. అడిగితే తల కూడా ఎత్తకుండా, "వెళ్ళి సరిచేసి రా. వైరస్ అని చెప్పు" అన్నారు.

"చెప్పను సార్" అన్నాను. పోయినసారి తెచ్చుకున్న కాటావాళ్ళ సీడీ, నా సీడీ బ్యాగులో పెట్టుకుని బస్సెక్కాను.

నేను వెళ్ళేసరికి లారీలు మళ్ళీ హైవే దాకా నిలబడ్డాయి. అక్క బయట రేకుల షెడ్డు కింద టిఫిన్ క్యారేజీ పట్టుకుని నిలబడి ఉంది. పరుచుకునే తువ్వాలు మడిచి చేతిలో పెట్టేసుకుంది. అది చూస్తే నాకు ఏడుపొచ్చింది. లోపల పంతులుగారు నిమ్మకాయలతో సిద్ధంగా ఉన్నారు. కంప్యూటరుకి దిష్టి తగిలిందట.

"రండి మేడంగారూ. ఆ అమ్మాయి మళ్ళీ ఏదో నొక్కేసింది" అన్నారు యజమాని.

నేను ఆవిణ్ణి కూడా లోపలికి రమ్మన్నాను. ఆయన మొహం మాడ్చుకున్నారు గాని ఏమనలేదు. సిస్టమ్ ఫోల్డరు తెరిచి, కొత్తగా వచ్చిన ఫైళ్ళని ఒకచోటికి తెచ్చి, ఒకదాని వివరం తెరమీద చూపించాను.

"పంతులుగారండీ, ఇది ఈ ఫైలు ఇక్కడ పుట్టిన టైమండి. మీరు పెట్టిన ముహూర్తం ఎప్పుడండి?"

ఆయన కళ్ళజోడు సర్దుకుని వంగి చూశారు. ఇంకో ఫైలు చూపించాను. ఇంకోటి. అన్నీ ఆ ముహూర్తం వేళ పుట్టినవే.

"మరేనండి. సరిగ్గా నేను పెట్టిన ఘడియే" అన్నారు పంతులుగారు, కొంచెం గర్వంగానే.

"ఆ టైములో ఈ కుర్చీలో ఎవరున్నారండి?" అని యజమానిని అడిగాను.

 "మీవాడే కదండీ" అన్నారు.

"ఆయ్. మావాడే. చీటీ ఆపింది మా సీడీ. పోయినసారి కూడా మాదే. వైరసూ కాదు, దిష్టీ కాదు. ఆవిడ ఏం నొక్కలేదు."

మా సెటప్ తెచ్చిన చెత్తంతా తీసేశాను. కాటావాళ్ళ సీడీ నుంచి వాళ్ళ ఫైళ్ళు తిరిగి పెట్టాను. బయట ఉన్న లారీని ఎక్కించమని చెప్పి చీటీ తీసి చూపించాను. అప్పుడు నా ఫోల్డరు వేశాను. మళ్ళీ లారీ, మళ్ళీ చీటీ, వచ్చింది. "ఇప్పుడు చూడండి" అని అందరి ముందూ నా ఫోల్డరు తీసి పారేశాను. ఇంకో లారీ ఎక్కింది, చీటీ వచ్చింది. "నాది ఉన్నా, పోయినా మీ కాటాకి తెలియను కూడా తెలియదు. ముట్టుకోదంటే ఇదీ అర్థం" అన్నాను. నా గొంతు పెద్దదైపోయిందని నాకే తెలుస్తోంది, తగ్గించుకోలేదు. ఫోల్డరు తిరిగి వేసి లేచాను.

 యజమాని నిమ్మకాయల వైపు చూశారు. "అయితే ఈ దిష్టి తియ్యక్కర్లేదంటారా?" అన్నారు. "ఎలాగూ వచ్చాను కదండీ, తీసేద్దాం" అన్నారు పంతులుగారు. తీశారు. మానిటరు చుట్టూ మూడుసార్లు తిప్పి నిమ్మకాయ కోసి కుంకుమ అద్దారు. కంప్యూటరుకి దణ్ణం పెట్టారు ఇద్దరూ. పక్కనే టిఫిన్ క్యారేజీతో నిలబడ్డ మనిషిని మాత్రం ఎవరూ చూడలేదు. తాము ఒకసారి ఉద్యోగం పీకేస్తామని బెదిరించి, రెండోసారి గదిలోంచి వెళ్ళగొట్టిన మనిషిని, నిన్నటిదాకా రోజూ లారీలు తూచిన మనిషిని!

చివరికి గుర్తొచ్చినట్టు, "సరే అమ్మాయ్, కూర్చో. లారీలు ఆగిపోయాయి. ఇకనైనా చూసి నొక్కు" అన్నారు యజమాని.

నాకు పుండు మీద కారం చల్లినట్టయింది. ఇంత చూపించాక కూడా అదే మాట! నేను నోరు తెరిచేలోగా అక్క మాట్లాడింది.

"ఏం నొక్కానండి?"

ఆయన అర్థంకానట్టు చూశారు.

"ఏం నొక్కానో మీరు చెప్పండి. చెప్తే కూర్చుంటానండి."

గొంతు పెంచలేదు. తువ్వాలు మడత విప్పలేదు. బయట హారన్లు ఒకదానిమీద ఒకటి మోగుతున్నాయి. ఎవరో డ్రైవరు కిటికీ దగ్గరికొచ్చి "ఏంటండీ బాబూ, పొద్దుపోతంది ఇక్కడ" అని అరిచాడు. ఆయన కిటికీ వైపు చూశారు, నా వైపు చూశారు, పంతులుగారి వైపు చూశారు. పంతులుగారు నిమ్మచెక్కలు సంచీలో సర్దుకుంటూ తల ఎత్తలేదు.

ఆవిడ నిలబడే ఉంది.

"నువ్వేం నొక్కలేదులేమ్మా" అన్నారు చివరికి, నేలచూపులు చూస్తూ.

"వాళ్ళందరి ముందూ నొక్కానన్నారండి. ఇప్పుడన్నది వాళ్ళకి వినపడలేదండి" అంది అక్క, కిటికీ బయటికి చెయ్యి చూపిస్తూ.

ఆయన మెడ ఎర్రబడింది. కిటికీ దగ్గరికెళ్ళి, డ్రైవర్లు వినేలా, "ఆ అమ్మాయి ఏం నొక్కలేదయ్యా. సీడీ వల్ల పోయింది" అన్నారు.

అక్క తువ్వాలు దులిపి కుర్చీలో పరుచుకుని కూర్చుంది. ముందున్న లారీని ఎక్కమని చేత్తో సైగచేసి, మీట నొక్కింది.